‘నైస్’ అంటే మూర్ఖుడనా అర్థం?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె హెడ్‌మాస్టర్ గారి మీద వ్యాసం రాస్తూ ఆయన్ని ‘ఎ వెరీ నైస్ మ్యాన్’ అంది. స్టాఫ్‌రూమ్‌లో ఒక మాస్టారు అది చూసి, “నైస్ అంటే అసలు అర్థం మూర్ఖుడమ్మా, పెద్దవాళ్లని అలా అంటారా?” అన్నారు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ కూడా చూపించారు. పిల్ల బెదిరిపోయి ఆ మాట కొట్టేసి ‘గుడ్’ అని రాసుకుంది. నిజంగా ఆ అర్థం ఉందా? ఉంటే ఇన్నేళ్లుగా మనం వాడుతున్నది తప్పా? ఇంకో సందేహం. మా అబ్బాయి లా చదువుతున్నాడు. వాడి పుస్తకంలో ‘ఎ నైస్ పాయింట్ ఆఫ్ లా’ అని ఉంది. అక్కడ ‘మంచి’ అని చెప్పుకుంటే కుదరడం లేదు. అసలు పిల్లలు వ్యాసాల్లో ‘నైస్’ రాస్తే దిద్దాలా, వదిలేయాలా?

సమాధానం: టీచర్ గారూ, ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. వీలైనంత త్వరగా ఆ పిల్లని పిలిచి, తను రాసినదాంట్లో తప్పేమీ లేదని చెప్పండి. ఒకరిని ‘నైస్ మ్యాన్’ అంటే ఇవాళ ఇంగ్లీషు తెలిసిన వాళ్లందరికీ తట్టేది ఒక్కటే: ఆయన మంచి మనిషి, నలుగురితో ఆప్యాయంగా ఉంటారు అని. హెడ్‌మాస్టర్ గారు చదివినా అలాగే అర్థం చేసుకుంటారు. పెద్దవాళ్లని ఏదో అనేశానన్న బెరుకు ఆ వయసు పిల్లల మనసులో పడితే, తర్వాత ఇంగ్లీషులో నోరు విప్పడానికే భయపడతారు. కాబట్టి మిగతా చరిత్ర కన్నా ఇది ముందు జరగాలి.

మీ మాస్టారు చెప్పింది అబద్ధం కాదు. ఆ మాటకి ఒకప్పుడు ‘తెలివితక్కువ’ అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ ఆయన కథలో మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశారు. మిగతా పేజీల్లోనే అసలు రుచి ఉంది, మీ అబ్బాయి సందేహానికి జవాబూ అక్కడే ఉంది.

లాటిన్‌లో ‘నెస్కియుస్’ అని ఒక విశేషణం ఉంది. ‘నె’ అంటే కాదు, లేదు అని. మన ‘న’కారానికి అది దూరపు చుట్టం. ‘స్కీరె’ అంటే తెలియడం. రెండూ కలిస్తే ‘తెలియనివాడు’, అజ్ఞుడు. ఆ ‘స్కీరె’ నుంచే ‘సైన్స్’ వచ్చింది, ‘కాన్షెన్స్’ కూడా వచ్చింది. అంటే మీ టైమ్‌టేబుల్‌లో ఉన్న సైన్సూ, ఆ పిల్ల కొట్టేసిన నైసూ ఒకే ఇంటి మాటలు. ఒకటి తెలియడం దగ్గర బయలుదేరింది, ఒకటి తెలియకపోవడం దగ్గర. ఈ సంగతి పిల్లలకి చెప్పి చూడండి, జీవితంలో మరిచిపోరు.

లాటిన్ నుంచి పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఆ మాట అరిగి, దాదాపు ఇప్పటి స్పెల్లింగులోకి దిగింది. అక్కడ దాని అర్థం అమాయకుడు, చేతకానివాడు, వెర్రివాడు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు వెళ్లి ఇంగ్లండును జయించారు. ఆ తర్వాత చాలాకాలం అక్కడి దర్బారులో, కోర్టుల్లో, పెద్దింటి వాళ్ల నోళ్లలో ఫ్రెంచే నడిచింది. ఆ రోజుల్లో ఇంగ్లీషులోకి వచ్చిపడిన వేల మాటల్లో ఇదొకటి. 1300 ప్రాంతానికి ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. ఇంగ్లీషు కవి చాసర్ కాలానికి, అంటే 14వ శతాబ్దం చివరికి కూడా, ఒకరిని ‘నైస్’ అంటే తిట్టే. వాట్సాప్ మెసేజ్ ఇక్కడితో ఆగిపోయి ఉంటుంది.

మరి తిట్టు పొగడ్త ఎలా అయింది? ఒక్క గంతులో కాలేదు. ఏమీ తెలియనివాడు నలుగురిలో ఎలా ఉంటాడు? బిడియంగా, వెనకాడుతూ ఉంటాడు. అలా ‘నైస్’కి బిడియస్తుడు, పిరికివాడు అనే అర్థం వచ్చింది. బిడియస్తుడు కొత్తచోట అన్నిటికీ సంకోచిస్తాడు. ఇది తినడు, అది ముట్టడు, అక్కడ కూర్చోడు. దాంతో ‘నైస్’ అంటే అన్నిటికీ వంకలు పెట్టే మనిషి అయ్యాడు. మన ఇళ్లల్లోనూ ఉంటారు కదా, ఉప్మాలో ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి ఒక్కొక్కటీ ఏరి కంచం అంచున పెట్టుకుని, అప్పుడు తినేవాళ్లు. ఆ తరహా మనిషిని 1400 ప్రాంతపు ఇంగ్లీషువాడు ‘నైస్’ అనేవాడు. అప్పటికింకా అది మెచ్చుకోలు కాదు, విసుగు.

ఇక్కడే మలుపు తిరిగింది. ఏరేవాడిలో చాదస్తం ఒక్కటే ఉండదు, చూపు కూడా ఉంటుంది. రెండు పట్టుచీరల్లో మనకి కనిపించని తేడా వాడికి కనిపిస్తుంది. వంకలు పెట్టేవాడు కాస్తా సూక్ష్మంగా చూసేవాడయ్యాడు. చూపు సూక్ష్మమైతే, ఆ చూపుకి మాత్రమే అందే తేడా కూడా సూక్ష్మమే. కాబట్టి తేడాని కూడా ‘నైస్’ అన్నారు. 16వ శతాబ్దానికి వచ్చేసరికి సున్నితం, నాజూకు, ఖచ్చితం, సూక్ష్మం అన్న అర్థాలన్నీ ఈ ఒక్క మాటలో చేరిపోయాయి. పాత అర్థాలు పోలేదు, కొత్తవి వచ్చి పక్కన కూర్చున్నాయి. 16, 17 శతాబ్దాల రచనల్లో చాలాచోట్ల ‘నైస్’ అనే మాటని రచయిత ఏ అర్థంలో వాడాడో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లే రాసుకున్నారు.

మీరు ఇంగ్లీషు చెబుతారు కాబట్టి షేక్‌స్పియర్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ‘రోమియో అండ్ జూలియట్’ చివర్లో ఫ్రయర్ లారెన్స్ రోమియోకి రాసిన ఉత్తరం అందదు. జూలియట్ నిజంగా చనిపోలేదని చెప్పే ఉత్తరం అది. మోసుకెళ్లాల్సిన సన్యాసి ప్లేగు భయం వల్ల ఒక ఇంట్లో చిక్కుకుపోయి తిరిగొస్తాడు. అప్పుడు లారెన్స్ తల్లడిల్లిపోతూ, ఆ ఉత్తరం ‘నైస్’ కాదు, ఎంతో ముఖ్యమైనది అంటాడు. ఈ కాలం విద్యార్థి ఆ వాక్యం చదివితే ‘ఉత్తరం బాగోలేదు’ అనుకుంటాడు. షేక్‌స్పియర్ చెప్పింది ‘ఆషామాషీ ఉత్తరం కాదు’ అని. వంకలు పెట్టేవాడు పట్టించుకునేవి చిన్న చిన్న విషయాలు కాబట్టి ‘నైస్’కి ‘అల్పమైన’ అనే అర్థం కూడా ఆ కాలంలో ఉండేది. అర్థం పట్టుకోకపోతే రెండు ప్రాణాలు పోవడానికి కారణమైన ఉత్తరం బరువే మనకి అందదు. పాత అర్థాలు తెలుసుకోవడం వల్ల లాభం ఇదీ. పాత పుస్తకం చదవడానికి అవి పనికొస్తాయి, ఈనాటి పిల్ల వ్యాసం కొట్టేయడానికి కాదు.

శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేసినప్పుడు ‘నైస్’కి మొదట ఇచ్చిన అర్థం, చిన్న చిన్న తేడాల్ని కూడా ఖచ్చితంగా పట్టగలగడం. ఆ ఖచ్చితత్వం అతి అయినప్పుడు కూడా అదే మాట అంటారని పక్కనే రాశాడు. మీ అబ్బాయి పుస్తకంలో ఉన్నది సరిగ్గా ఇదే అర్థం. ‘ఎ నైస్ పాయింట్ ఆఫ్ లా’ అంటే మంచి పాయింటు కాదు, సూక్ష్మమైన న్యాయాంశం. అటా ఇటా తేల్చాలంటే వెంట్రుకవాసి తేడా పట్టుకోవాల్సినది. ‘ఎ నైస్ డిస్టింక్షన్’ అన్నా అంతే, సన్నని తేడా. మన దేశంలో కూడా తీర్పుల్లో ‘నైస్ క్వశ్చన్’ అనే మాట కనిపిస్తూ ఉంటుంది. లాయర్ల భాష పాత సామాన్లు అంత తొందరగా బయట పారేయదు. ‘నైసిటీ’ అనే నామవాచకం కూడా ఈ సూక్ష్మత అర్థాన్నే ఇప్పటికీ పట్టుకుని ఉంది. మీ అబ్బాయికి ఒక్క ముక్క చెప్పండి: కోర్టు ఇంగ్లీషులో ‘నైస్’ కనిపిస్తే అక్కడ ‘సూక్ష్మ’ అని పెట్టుకుని చదవమనండి, కుదిరిపోతుంది.

నాకు మరీ ఇష్టమైన సంగతి ఏమిటంటే, ఈ సూక్ష్మత అర్థానికి దగ్గరి వాడుక మన వంటింట్లో కూడా ఉంది. ‘దోసెల పిండి నైస్‌గా రుబ్బు’ అంటాం. మంచిగా రుబ్బమని కాదు కదా! పలుకు తగలకుండా, మెత్తగా, సన్నగా అని. బట్టల కొట్లో చీర కొంగు వేళ్ల మధ్య రాసి చూసి ‘గుడ్డ నైస్‌గా ఉంది’ అంటే నునుపుగా ఉందని. ఇంగ్లీషు బడి మెట్లు ఎక్కని మా ఇంటి పెద్దావిడ కూడా ‘పప్పు ఇంకొంచెం నైస్ అవ్వాలి’ అనేది. లండన్‌లో ఇప్పుడు మిక్సీ ముందు నిలబడి ఆ మాట అంటే ఎవరికీ అర్థం కాకపోవచ్చు. జాన్సన్‌కి మాత్రం కొంత అర్థమయ్యేదనిపిస్తుంది. మనవాళ్లు అంతటితో ఆగలేదు. ‘వాణ్ణి నైస్ చేసి పని కానిచ్చుకున్నాడు’, ‘మీటింగ్ మధ్యలో నైస్‌గా జారుకున్నాడు’ అంటారు. మెత్తగా మాట్లాడి బుట్టలో వేయడం, చప్పుడు కాకుండా తప్పుకోవడం. ఇవి ఏ ఇంగ్లీషు నిఘంటువులోనూ వెతకక్కర్లేదు, పూర్తిగా మన సొంత సంపాదన. మాటకి ‘అసలు అర్థం’ ఒక్కటే ఉంటుందని ఎవరైనా అంటే, మిక్సీలో పిండి చూపించవచ్చు.

ఇక ఇప్పుడు మనం వాడే ‘బాగుంది, హాయిగా ఉంది’ అన్న అర్థం గట్టిపడింది 18వ శతాబ్దంలో. ‘మంచి మనసున్న, ఆదరంగా ఉండే’ మనిషి అన్నది 19వ శతాబ్దం మొదటి భాగంలో బలపడింది. నాజూకైనదీ, ఏరి తెచ్చినదీ ఎవరికైనా నచ్చుతుంది. అలా నచ్చినదల్లా నైస్ అయిపోయింది. 1817 డిసెంబరులో, రచయిత్రి కన్నుమూసిన కొన్ని నెలలకి, జేన్ ఆస్టిన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’ వచ్చింది. అందులో కాథరిన్ అనే అమ్మాయి ఒక పుస్తకాన్ని ‘నైస్’ అనగానే హెన్రీ టిల్నీ ఆమెని ఆటపట్టిస్తాడు. ఈ రోజు కూడా నైసే, నడకా నైసే, మనుషులూ నైసే, ప్రతి మెచ్చుకోలుకీ ఈ ఒక్క మాటేనా అంటాడు. పూర్వం ఈ మాట శుభ్రత, సంస్కారం, నాజూకుతనం గురించే వాడేవారు కాబోలు అని పాఠం కూడా చెబుతాడు. మీ స్టాఫ్‌రూమ్‌లో జరిగింది రెండు వందల ఏళ్ల క్రితం నవలలో జరిగిపోయిందన్నమాట.

ఇక్కడొకటి గమనించండి. టిల్నీ ‘పూర్వం’ అని ఆగిన చోటు దారి మధ్యలోది. ఆయన చెప్పిన నాజూకుతనం కంటే ముందు చాదస్తం ఉంది, దానికి ముందు బిడియం, ఇంకా ముందు మూర్ఖత్వం. మీ మాస్టారు మూర్ఖత్వం దగ్గర ఆగి అదే అసలంటున్నారు. దానికి ముందు లాటిన్‌లో ‘తెలియని’ అని మాత్రమే ఉంది. తెలియనివాడు మూర్ఖుడు కాదు, ఇంకా నేర్చుకోనివాడు అంతే. ఎక్కడ ఆగితే అది అసలు అర్థం? ఆగడానికి చోటే లేదు. మాట పుట్టినప్పటి అర్థమే నిజమైన అర్థమని వాదించడం భాష చదువుకున్నవాళ్ల దృష్టిలో పొరపాటు వాదమే. ఇవాళ ఆ మాట మాట్లాడేవాళ్లూ వినేవాళ్లూ కలిసి ఏమనుకుంటున్నారో అదే దాని అర్థం.

నమ్మకం కలగకపోతే మీ బడిలోనే తెలుగు పండితుల్ని అడగండి. అర్థ విపరిణామం, అంటే కాలంతోపాటు మాట అర్థం మారిపోవడం, అనే పాఠం వాళ్లకి కొట్టిన పిండి. ‘కంపు’ పాత కావ్యాల్లో సువాసన. ఇప్పుడు ఆ మాట అంటే ముక్కు మూసుకుంటాం. ‘సభికుడు’ సంస్కృతంలో జూదశాల నడిపేవాడు. ఇప్పుడు సభలో కూర్చున్న మర్యాదస్తులు. ‘సాహసం’ పాత ధర్మశాస్త్రాల్లో దౌర్జన్యంతో చేసిన నేరం. ఇప్పుడు సాహస బాలల్ని పిలిచి శాలువా కప్పుతాం. వేదం చదువుకున్న ఛాందసుడు చాదస్తపు మనిషయ్యాడు. వేదిక మీద ‘సభికులకు నమస్కారం’ అన్న వక్తని, మమ్మల్ని జూదరులంటావా అని మీ మాస్టారు నిలదీయరు కదా. ‘నైస్’కి కూడా ఆ పాటి న్యాయం చేయాలి. దిగజారిన అర్థం పైకి లేవడాన్ని మనవాళ్లు అర్థోత్కర్ష అంటారు. ఇంగ్లీషులో దానికి ‘నైస్’ని మించిన ఉదాహరణ దొరకదు.

ఇంగ్లీషులో దీనికి ఎదురు నడిచిన మాట ‘సిల్లీ’. పాత ఇంగ్లీషులో అది ధన్యుడు, దేవుడి దయ ఉన్నవాడు. జర్మన్‌లో దాని తోబుట్టువుకి ఇప్పటికీ ఆ పవిత్రమైన అర్థమే ఉంది. ఇంగ్లీషులో మాత్రం ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడాల్సినవాడయ్యాడు, చివరికి తెలివితక్కువవాడు అయిపోయాడు. ‘ప్రెటీ’ ఒకప్పుడు జిత్తులమారి. ‘నాటీ’ అంటే ‘నాట్’, అంటే సున్నా, ఏమీ లేనివాడు, నిరుపేద, తర్వాత దుర్మార్గుడు, ఇప్పుడు అల్లరి పిల్లాడు. ఇంగ్లీషు పాత అర్థాల్ని బట్టి పిల్లలు మాట్లాడాలంటే రేపు నోట్లోంచి ఒక్క విశేషణం బయటికి రాదు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, దిద్దాలా వద్దా? టీచర్‌గా మీకు అసలు పనికొచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ‘నైస్’ తప్పు మాట కాదు, కానీ వ్యాసంలో బలహీనమైన మాట. దాని పూర్వచరిత్ర వల్ల కాదు. అన్నిటికీ సరిపోతుంది కాబట్టి దేన్నీ గట్టిగా చెప్పదు. భోజనం నైస్, సినిమా నైస్, అత్త నైస్, వాతావరణం నైస్. చదివేవాడికి ఏమీ కనిపించదు. ఆ పిల్ల భయపడి ‘గుడ్’ అని మార్చింది కదా, దానివల్ల వ్యాసం ఒక్క వీసం కూడా బాగుపడలేదు. ‘గుడ్’ కూడా అంతే పలచన.

కాబట్టి ఎర్ర పెన్నుతో కొట్టేయకండి. పక్కన ఒక ప్రశ్న రాయండి: ‘ఆయన ఏం చేస్తారు?’ హెడ్‌మాస్టర్ గారు ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని తిట్టకుండా బస్సు ఎందుకు లేటైందో అడుగుతారని రాస్తే, అది ‘పేషెంట్’. అన్నం తెచ్చుకోని పిల్లని కనిపెట్టి మధ్యాహ్న భోజనం దగ్గరికి తనే తీసుకెళ్తారని రాస్తే, అది ‘కైండ్’. అందర్నీ పేరు పెట్టి పిలుస్తారంటే ‘ఫ్రెండ్లీ’. ఒకసారి తరగతి మొత్తం చేత ఇది చేయించి చూడండి. బోర్డు మీద ‘నైస్’ అని రాసి, ప్రతి ఒక్కరినీ తమకి నచ్చిన మనిషి చేసిన ఒక్క పని చెప్పమనండి. ఆ పనికి తగిన విశేషణం మీరు ఇవ్వండి. మాట ముందు, అర్థం తర్వాత అన్న బట్టీకి బదులు, పని ముందు చూసి దానికి మాట వెతుక్కోవడం అలవాటవుతుంది. అన్నట్టు, ‘కైండ్’ కథ కూడా అక్కడే చెప్పవచ్చు. అది ‘కిన్’, అంటే బంధువు అన్న మాటకి రక్తసంబంధి. సొంతవాళ్లతో ఉన్నట్టు ఉండటం దయ అయింది. తెలుగు పిల్లలకి ఇది విడమరచి చెప్పే పనే ఉండదు.

మాట్లాడేటప్పుడు మాత్రం ‘నైస్’ని ధారాళంగా వాడనివ్వండి. ‘నైస్ టు మీట్ యూ’, ‘హావ్ ఎ నైస్ డే’ లాంటివి మర్యాద మాటలు, వాటిలో ఖచ్చితత్వం ఎవరూ వెతకరు. మాట్లాడే ఇంగ్లీషు నేర్చుకునే పిల్లకి నోట్లో తేలిగ్గా ఆడే నాలుగు మాటలు ఉండాలి, వాటిలో ఇదొకటి. పై తరగతుల పిల్లలకి మాత్రం ‘నైస్ అండ్ వార్మ్’ లాంటివి చూపించండి. అక్కడ ‘నైస్’కి విడిగా అర్థం లేదు, ‘హాయిగా వెచ్చగా’ అని రెండోమాటకి ఊతం ఇస్తుంది. ఎవరైనా పెద్ద కష్టం చెప్పుకుంటే, పొడిగా ‘నైస్’ అని బదులివ్వకూడదని కూడా చెప్పండి. ఫోన్ మెసేజుల్లో పిల్లలు చేసే పొరపాటు అది. వింటున్నవాళ్లకి మనం పట్టించుకోలేదని అనిపిస్తుంది.

మీ మాస్టారి మీద కోపం పెట్టుకోకండి. మాటల వెనక ఏదో ఉందన్న కుతూహలం ఉన్న మనిషి ఆయన, బడికి అలాంటివాళ్లు కావాలి. షేక్‌స్పియర్ ఉత్తరం సంగతి, లా పుస్తకం సంగతి ఆయనకి చూపించండి. వీలైతే ఆయన్నే తొమ్మిదో తరగతికి పిలిచి, ‘తెలియనివాడు’ దగ్గర మొదలుపెట్టి ‘మంచివాడు’ దాకా ఈ మాట నడిచిన దారి బోర్డు మీద గీసి చెప్పమనండి. ఆ పిల్ల వ్యాసంలో కొట్టేసిన మాటని ఈలోపు తిరిగి రాయించి, దాని కింద హెడ్‌మాస్టర్ గారు చేసిన ఒక్క పని ఒక వాక్యంలో చేర్పించండి. మార్కులు దానికి వేయండి.